బ్యాగులో పట్టేది

బుధవారం పొద్దున్నే ఇంట్లో టేపు పోయింది. లిఫ్టు మెకానిక్కుకి కొలతల టేపు లేకపోతే కుడిచెయ్యి లేనట్టే. అతను పనిముట్ల సంచీ బోర్లించాడు, సోఫా దిండ్లు ఎత్తి చూశాడు, ఆఖరికి ఫ్రిజ్ తలుపు కూడా తీశాడు.

"ఫ్రిజ్‌లో ఎందుకుంటుందిరా, ఎండకి చెమట పట్టిందనుకున్నావా?" అంది తల్లి, కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవకుండానే. "ముందు నీ ప్యాంటు జేబులు చూసుకో. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వరస."

"చూశానమ్మా, లేదు. ఏమ్మా, నువ్వేమైనా చూశావా?"

ఈ ప్రశ్న కూతురికి. బల్ల దగ్గర కూర్చుని రొట్టె ముక్క పాలలో ముంచుతున్న ఆ పిల్ల తల ఎత్తలేదు. "ఊహూ" అంది.

ఆ పిల్లకి ఇంట్లో పేరు వసపిట్ట. పదో నెలలో నోరు తెరిచి, ఆ తర్వాత మూసింది లేదు. తండ్రి వెంట పనికి వెళ్ళి, లిఫ్టులో ఎక్కిన ప్రతివాళ్ళనీ "మీరెన్నో అంతస్తు? ఎవరింటికి? ఎందుకు?" అని ఊపిరాడకుండా అడిగేది. జనం తమ అంతస్తు రాకముందే దిగిపోయేవాళ్ళు. అలాంటి పిల్ల ఈ రెండేళ్ళుగా "ఊ", "సరే", "పర్లేదు" అనే మూడు ముక్కలతో వారమంతా నెట్టుకొస్తోంది. వయసొస్తోంది, ఆడపిల్లలు ఈ వయసులో ఇంతే అని అందరూ సర్దిచెప్పుకున్నారు. అలా అనుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు మరి.

రెండేళ్ళ కిందట ఆమె తల్లీతండ్రీ విడిపోయారు. కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. ఇద్దరివీ రోషాలు, అంతే. ఒకరు మెట్టు దిగితే ఇంకొకరు దిగేవారేమో కానీ, ముందెవరు దిగాలన్న దగ్గరే కాపురం ఆగిపోయింది. పిల్ల విషయంలో మాత్రం పెద్దమనుషులు పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక ఏర్పాటు చేశారు. సోమవారం బడి అయ్యాక తండ్రి ఇంటికి, గురువారం బడి అయ్యాక తల్లి ఇంటికి. పొద్దున ఒక గడప దాటి వెళ్ళిన పిల్ల సాయంత్రం ఇంకో గడప ఎక్కుతుంది. మధ్యలో బడి ఉంది కనుక మొగుడూ పెళ్ళాం ముఖాలు చూసుకోనక్కర్లేదు. ఎంత తెలివైన ఏర్పాటో అని అందరూ మెచ్చుకున్నారు. వారానికి రెండుసార్లు పిల్ల ఒక పెద్ద నీలం బ్యాగు తగిలించుకుని బడికి వెళ్ళాలన్న సంగతి ఆ మెప్పులో ఎవరి కంటికీ ఆనలేదు.

ఇంకో పది రోజుల్లో ఆ పిల్లకి పదమూడు నిండుతాయి. మెకానిక్కు మూడు నెలలుగా ఒక పని మీద ఉన్నాడు. ఆటలాడుకోవడానికి, బొమ్మలు గీసుకోవడానికి పనికొచ్చే గట్టి కంప్యూటర్ ఒకటి తన చేతులతో తనే బిగించి ఇవ్వాలని. విడిభాగాలు ఒక్కొక్కటే తెచ్చి తన మంచం కింద దుప్పటి కప్పి దాచాడు. కూతురి మంచం పక్కన బల్ల వేసి, ఎవడొచ్చి ఊపినా కదలకుండా గోడకి బోల్టులు దిగ్గొట్టాడు. ఏదైనా గోడకి బిగిస్తే తప్ప అతనికి నిద్ర పట్టదు. మనసులో మాట చెప్పాలంటే, కంప్యూటర్ ఉంటే పిల్ల ఈ ఇంటినే తన ఇల్లనుకుంటుందని, గురువారాలు వెళ్ళడానికి కాస్త బద్ధకిస్తుందని అతని ఆశ.

ఇక మాట వరసకి అడగడమే మిగిలింది.

"పుట్టినరోజుకి ఏం కావాలమ్మా? ఆటలాడుకునే కంప్యూటరా, టీవీకి తగిలించే గేమ్ కన్సోలా?"

పిల్ల రొట్టె నములుతూ ఆలోచించినట్టు కూడా లేదు. "కన్సోల్."

అతను నవ్వాడు. వేళాకోళమనుకున్నాడు. "అదేంటే! కన్సోల్లో ఎవరో చేసిన ఆటలు ఆడుకోవడమే. కంప్యూటరైతే నీ ఆట నువ్వే తయారు చేసుకోవచ్చు. చిన్నప్పుడు ఎన్ని గీశావు, కోటలూ, సొరంగాలూ, తలుపుకో తాళమూ..."

"తెలుసు."

"మరి?"

"కన్సోల్ చాలు నాన్నా."

ఆ "చాలు" అన్న మాట అతనికి ముల్లులా దిగింది. పిల్ల గ్లాసు కడిగి బోర్లించి, పుస్తకాల సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.

"ఆటల పెట్టె అడిగితే ఆటల పెట్టె కొనివ్వు. ఆడేది అది కదా, నువ్వా?" అంది తల్లి.

"నీకు తెలీదులే అమ్మా. కన్సోల్ ఆడాలంటే పెద్ద టీవీ కావాలి. మనింట్లో ఉన్నది నీ అరచేయంత. పెద్ద టీవీ ఎవరింట్లో ఉంది?"

కోడలు మొన్నే గోడంత టీవీ కొన్నదని ఎవరో అనగా తల్లీ విన్నది.

ఆ రోజు అతను ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు తలుపు సరిచేయాలి. తలుపు చివరి రెండు వేళ్ళ మందం దగ్గర మొరాయిస్తోంది. మామూలుగా అరగంట పని. మధ్యాహ్నమైనా తెమల్లేదు. పట్టాలు తుడుస్తున్నా, బెల్టు బిగిస్తున్నా బుర్రలో ఒకటే గొడవ. మూడు నెలలు కొన్ని వందల వీడియోలు చూసి, కళ్ళు మండి, ఏ ఫ్యాను ఎటు గాలి ఊదాలో నేర్చుకున్నాడు. ఆవిడ ఒక్క టీవీ కొని పిల్లని తిప్పేసుకుంది. అంతేగా! ఆఖరికి లిఫ్టులోనే నేల మీద కూర్చుని, రెండేళ్ళుగా నొక్కని నంబరు నొక్కాడు.

"పిల్లకి ఏం నూరిపోస్తున్నావు నువ్వు?" అన్నాడు, పలకరింపైనా లేకుండా.

అవతల ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో ఎవరికో అద్దాలు బిగిస్తున్నట్టుంది. చిన్న గరగర ఆగింది. "నేనా? నూరిపోసేది నేనా?" అంది. "ఫోనులో వద్దు. సాయంత్రం వస్తాను."

"ఎక్కడికి?"

"మీ ఇంటికే. ఆ గడప ఎక్కకూడదని ఎక్కడైనా రాసుందా?"

సాయంత్రం ఆరున్నరకి ఆమె తలుపు తట్టి, తీసేదాకా ఆగకుండా తోసుకుని లోపలికి అడుగేసింది. అడుగేయగానే గుమ్మం పక్కనున్న నీలం బ్యాగు కాలికి తగిలి పడబోయింది. రేపు గురువారం. పిల్ల అప్పటికే సర్దేసి పెట్టుకుంది.

"నిదానం అమ్మాయ్" అంది అత్తగారు లేవబోతూ.

"పర్లేదు అత్తయ్యా, కూర్చోండి. ఎలా ఉన్నారు?" అని అడిగి, జవాబు వినకుండానే భర్త వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పండి. నేనేం నూరిపోశాను?"

"కంప్యూటర్ వద్దు, కన్సోల్ కావాలంది. అది తగిలించడానికి ఇక్కడ సరిపడా టీవీ లేదని దానికి తెలీదా? నీ దగ్గర ఆడుకోవడానికి నేను కొనివ్వాలా? ఉన్న మూడు రోజులు కూడా నీకే కావాలా?"

ఆమె నిర్ఘాంతపోయి చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు ఏడుపు కంటే అధ్వానంగా ఉంది.

"పోయిన ఆదివారం దీన్ని నేను కంప్యూటర్ల షాపుకి తీసుకెళ్ళాను. నీకు నచ్చింది చూపించు, పుట్టినరోజుకి కొంటానన్నాను. 'వద్దమ్మా, కన్సోల్ చాలు' అంది నాతోనూ. మీరు మీ ఇంట్లో ఎప్పుడో కంప్యూటర్ పెట్టేసుంటారు, అసలు వస్తువు అక్కడుంటే నా దగ్గరికి కాలక్షేపానికి వస్తుంది కాబోలు అనుకున్నాను. మూడు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. తెలుసా?"

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ రోషాలు అంత తొందరగా దిగవు. ఇద్దరూ కలిసి, రెండేళ్ళలో మొదటిసారి ఒక్కమాట మీద నిలబడి, గది గుమ్మంలో ఉన్న పిల్ల వైపు తిరిగారు.

"ఏమే, మాతో ఆడుకుంటున్నావా?" అన్నాడు తండ్రి.

"నాన్న దగ్గరొకటీ నా దగ్గరొకటీ కావాలని ప్లానా? ఎవరు నేర్పారు నీకిలా?" అంది తల్లి.

పిల్ల తలుపు పట్టుకుని నిలబడింది.

"చాల్లెండి! ఆ పసిదాని మీదా మీ ప్రతాపం?" అని ముసలావిడ లేచింది. ఏదో ఒకటి చేస్తే గొడవ చల్లారుతుందన్నట్టు, దారికి అడ్డంగా ఉన్న బ్యాగు తీసి పక్కన పెట్టబోయింది. పట్టీ పట్టుకుని లాగింది. బ్యాగు జానెడు కూడా కదల్లేదు కానీ, ఒరిగి పక్క జేబులోంచి పసుపు రంగు టేపు టప్పున నేల మీద పడింది.

"నా టేపు!" అన్నాడు అతను. "పొద్దున ఇల్లంతా వెతుకుతుంటే లేదన్నావు. ఇది నీ బ్యాగులో ఎందుకుందే?"

"కొలిచాను."

"ఏం కొలిచావు?"

పిల్ల లెక్కల నోటుపుస్తకం తెచ్చి, చివరి పేజీ తీసి, తండ్రి చేతికిచ్చి మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళిపోయింది. గుండ్రటి అక్షరాలతో, మార్జిన్ కొట్టి, శుభ్రంగా రాసి ఉంది.

బ్యాగు: 46, 31, 20 సెం.మీ.
కన్సోల్: 39, 26, 10. పడుతుంది. స్వెట్టర్ తీసేయాలి. రంగుల డబ్బా తీసేయాలి (తీసేశాను).
కంప్యూటర్: 47, 45, 21. పట్టదు.

అతను రెండుసార్లు చదివాడు. మొదట అతనికి తట్టింది చిన్న విషయమే. ఆ మూడో వరుసలోని అంకెలు తన మంచం కింద దుప్పటి కప్పిన పెట్టెవి. అంటే పిల్ల ఎప్పుడో చూసింది. చూసి, పైకి చెప్పకుండా, పాక్కుంటూ వెళ్ళి కొలుచుకుని, దుప్పటి మళ్ళీ అలాగే కప్పింది.

"దీనికీ బ్యాగుకీ సంబంధం ఏంటి తల్లీ?" అంది పిల్ల తల్లి, అతని భుజం మీంచి చదివి. ఆమెకి అర్థమయ్యే అడిగింది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని అడిగింది.

"కంప్యూటర్ ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి కదమ్మా" అంది పిల్ల. "నేను అక్కడే ఉండను కదా."

పిల్ల ఇంకా చెప్పాలేమోనని భయపడి గబగబా చెప్పుకుపోయింది. "ఇక్కడ పెడితే నువ్వు బాధపడతావు. అక్కడ పెడితే నాన్న బాధపడతాడు. కన్సోలైతే నాతోనే ఉంటుంది. చిన్న టీవీలోనైనా వస్తుంది. స్వెట్టర్ లేకపోయినా పర్లేదు, నాకు చలి వేయదు."

అప్పుడు అతనికి ఇంకోటి గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఒకసారి ఈ పిల్ల "మడతపెట్టేది ఉంటుంది కదా నాన్నా, అదైతే?" అనడిగింది. అతను గంటసేపు ఉపన్యాసమిచ్చాడు. ఆటలాడితే ల్యాప్‌టాప్ పెనంలా కాలుతుందని, పాడైతే భాగాలు మార్చలేమని, గట్టి వస్తువంటే కదలకుండా ఒకచోట ఉండేదేనని. పిల్ల "సరే" అంది. ఇక ఎప్పుడూ అడగలేదు.

అతను వెళ్ళి బ్యాగు ఎత్తాడు. రెండేళ్ళలో అదే మొదటిసారి. ఎత్తాల్సిన అవసరమే రాకుండా కదా ఏర్పాటు చేసుకున్నారు! బరువులతో బతికే మనిషి, చేత్తో పట్టుకుని ఎంతో చెప్పేయగలడు. పదకొండు కిలోలు. పైన ఇంకాస్త. మొన్నెప్పుడో పిల్ల భుజం ఒకవైపు ఒంగి నడుస్తోందని తన తల్లి అంటే, "ఫోను చూసి చూసి అలా అయింది" అన్నాడు తను.

పిల్ల తల్లి నేల మీదే కూలబడి, కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "నా తల్లీ, నా బంగారూ... చెప్పు, నీకెక్కడ ఉండాలనుంది? నువ్వెలా అంటే అలా. ఇక్కడా, అక్కడా? నువ్వే చెప్పు."

పిల్ల ముఖం పాలిపోయింది. తల్లి ముఖం చూసింది, తండ్రి ముఖం చూసింది, కిందికి చూసింది.

"దాన్నడక్కు!" అని గట్టిగా అరిచింది ముసలావిడ. ఆమె అంత గట్టిగా అరవగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. "బుద్ధుందా మీకు? పెద్దవాళ్ళు తేల్చుకోవాల్సింది పిల్లచేత చెప్పిస్తారా? రెండేళ్ళుగా అదే కదా చేస్తున్నారు? నోరు విప్పితే ఎవరో ఒకరికి గుచ్చుకుంటుందని అది నోరే కట్టేసుకుంది. మీరు చెప్పండి. మీరు!"

పిల్ల గదిలో, గోడ మీద తను దిగ్గొట్టిన నాలుగు బోల్టులు అతనికి కనబడుతున్నాయి. బల్ల ఖాళీగా ఉంది. బడి ఇక్కడినుంచి రెండు బస్సులు. పిల్ల వాళ్ళమ్మ ఇంటినుంచి రెండు వీధులు. ఈ లెక్క అతనికి మొదటిరోజు నుంచీ తెలుసు. తెలిసి పక్కన పెట్టాడు.

"వాళ్ళమ్మ దగ్గర" అన్నాడు. బ్యాగు కింద పెట్టాడు. "బడికి దగ్గర. స్నేహితులంతా అక్కడే. కంప్యూటర్ అక్కడే బిగిస్తాను. శనివారాలు ఇక్కడికి వస్తుంది. వచ్చేటప్పుడు ఉత్త చేతులతో రావాలి. బ్రష్షు, బట్టలు, రంగులు, అన్నీ ఇక్కడ ఇంకో జత ఉంటాయి."

భార్య తలెత్తి చూసింది. "మీరు..." అంటూ ఏడ్చేసింది. గెలిచిన మనిషి అలా ఏడవదు.

ముసలావిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి ఎవరితోనో అన్నట్టు అంది. "రాత్రుళ్ళు నాకు నీళ్ళు ఇచ్చేది అదే. పర్లేదులే. చెంబు పక్కనే పెట్టుకుంటా."

ఆదివారం అతను కంప్యూటర్ పెట్టె భుజాన వేసుకుని భార్య ఇంటి రెండంతస్తులు ఎక్కాడు. ఊళ్ళో అందర్నీ మేడలెక్కించే మనిషికి ఆ రోజు లిఫ్టు లేకపోయింది. బల్ల గోడకి బిగించాడు, తీగలు లాగాడు, ఒక్కొక్క భాగం కూతురి చేతికిచ్చి ఏది ఎక్కడ పెట్టాలో చెప్పాడు. తెర వెలిగింది. పిల్ల నవ్వింది, అతని మెడ చుట్టూ చేతులేసింది. అయినా "ఊ", "సరే" తప్ప మాట్లాడలేదు. బ్యాగులోవన్నీ తీసి అరల్లో సర్దుకుంది. అది చూడలేక అతను రెండుసార్లు మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేటప్పుడు, పట్టీ తెగేలా ఉంది, కుట్టించి తెస్తానని ఖాళీ బ్యాగు పట్టుకుని బయల్దేరాడు.

అతను తన ఇల్లు చేరేసరికి వెలుతురు ఇంకా ఉంది. తల్లి పక్కన కూర్చుని, కుట్టు ఎక్కడ పోయిందో చూద్దామని బ్యాగు లోపలిది బయటికి తిప్పాడు. పైమూత లోపలివైపు, నీలం బట్ట మీద నల్ల పెన్నుతో రాసి ఉంది. కొన్ని అక్షరాలు అరిగిపోయి, మళ్ళీ దిద్ది ఉన్నాయి.

మర్చిపోకూడనివి: బ్రష్. లెక్కల పుస్తకం. స్వెట్టర్. ఇంటి తాళం, రెండూ. అక్కడి మాటలు ఇక్కడ చెప్పకూడదు. ఇక్కడి మాటలు అక్కడ చెప్పకూడదు.

"ఏంట్రా అది? ఏం రాసింది?" అంది తల్లి.

చదివి వినిపించడం అతని వల్ల కాలేదు. పిల్ల "నిన్న అమ్మా నేనూ..." అని మొదలుపెట్టినప్పుడల్లా తను పేపరు తిరగేసిన చప్పుడు అతనికి వినబడింది. వయసుట! ఆడపిల్లలు ఈ వయసులో ఇంతేనట! బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని, అంత పెద్ద మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి అతని వీపు మీద చెయ్యి వేసింది.

చాలాసేపటి తర్వాత ఫోను తీసి కూతురికి కలిపాడు.

"నాన్నా? చేరావా?" అంది పిల్ల.

"చేరానమ్మా." అన్నాడు. "అమ్మ ఏం చేస్తోంది?"

అవతల పిల్ల ఊపిరి మాత్రం వినబడుతోంది. తప్పు జవాబు చెప్పకూడదన్న భయం ఆ ఊపిరిలో ఉంది.

"చెప్పు తల్లీ. నాకు వినాలనుంది. అమ్మ ఎలా ఉంది? మీ ఇంట్లో ఏమేం జరిగాయి? అన్నీ చెప్పు."

"అమ్మ..." అని ఆగింది. "అమ్మ నువ్వు వెళ్ళాక బల్ల ఊపి చూసింది. కదల్లేదు. మీ నాన్న బిగిస్తే ఇక కదలదులే అంది. తర్వాత ఏడ్చింది. తర్వాత మేం గుడ్లు వేయించుకున్నాం, ఒకటి మాడిపోయింది, అది అమ్మే తింది. పోయిన నెల అమ్మకి జ్వరం వచ్చింది నాన్నా, నీకు చెప్పలేదు. ఇంకా, దుకాణంలో ఒకాయన..."

ఆ పిల్ల చెబుతూనే ఉంది. రెండేళ్ళ మాటలు కదా, వెనకవి ముందు, ముందువి వెనక వస్తున్నాయి. అతను ఫోను తల్లికి కూడా వినబడేలా మధ్యలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ, ప్రతి మాటకీ "ఊ" అంటూ కూర్చున్నాడు.